వెనక్కి తిప్పే సూత్రం అందరిదీ.. కొత్త పద్ధతికే పేటెంటు

పెద్దవంగర: మూడు ఫేజుల్లో రెండు తీగలు తారుమారైతే వ్యవసాయ మోటారు వెనక్కి తిరుగుతుందని, నీరు సరిగా పోయదని రైతులకు తెలిసిందే. మూడు ఫేజుల మోటారున్న విద్యుత్తు ఆటో వెనక్కి నడవడానికీ ఇదే సూత్రం ఆధారం. అక్కడ తీగలు మార్చే పని లేకుండా కంట్రోలరు అనే ఎలక్ట్రానిక్ పరికరం ఫేజుల వరుసను మారుస్తుంది.

బండి వేగంగా వెళ్తుండగా దిశ మారితే మోటారు, గేర్లపై తీవ్ర ఒత్తిడి పడుతుంది. ప్రయాణికులకూ ప్రమాదమే. అందుకే వేగం తగ్గాకే దిశ మారేలా కంట్రోలరును రూపొందిస్తారు. పేటెంటు వివాదాలకు ఆస్కారం ఈ నియంత్రణ పద్ధతి వద్దే ఉంది.

ఏది ఎవరి సొత్తు?

పాత సూత్రం ఎవరి సొత్తూ కాదు. 1970 పేటెంట్ల చట్టం ప్రకారం ఆవిష్కరణ కొత్తదై, ఆ రంగంలో నిపుణులకు సులువుగా తట్టనిదై, పరిశ్రమకు ఉపయోగపడాలి. కేవలం కంప్యూటర్ ప్రోగ్రాముకు పేటెంటు ఇవ్వరు. మంజూరైతే దరఖాస్తు తేదీ నుంచి 20 ఏళ్లు హక్కు ఉంటుంది.

పన్నెండేళ్ల పోరు

వాహన రంగంలో ఇలాంటి తగాదాలు ఎంతకాలం సాగుతాయో బజాజ్, టీవీఎస్ కేసు చాటింది. రెండు స్పార్క్ ప్లగ్గుల ఇంజినుపై వివాదం 2007లో మద్రాసు హైకోర్టుకు చేరింది. 2008లో టీవీఎస్‌పై ఆంక్షలు విధించగా, 2009లో డివిజన్ బెంచ్ వాటిని తొలగించింది. అదే ఏడాది సెప్టెంబరులో సుప్రీంకోర్టు, లెక్కలు భద్రపరచాలన్న షరతుతో అమ్మకాలకు అనుమతించింది. చివరకు 2019లో ఇరు సంస్థలు రాజీ పడ్డాయి.

పల్లె మెకానిక్కు కొత్త పద్ధతి కనిపెట్టినా చట్టం ఒక్కటే. నలుగురికీ చూపితే కొత్తదనం పోయిందంటూ హక్కు నిరాకరించే ప్రమాదముంది. ప్రదర్శనకు ముందే దరఖాస్తు చేయడం శ్రేయస్కరం. తెలంగాణ దరఖాస్తులు చెన్నై పేటెంటు కార్యాలయ పరిధిలోకి వస్తాయి.