సెలవుల్లో మీ ఇంటికొచ్చే ఎచెవేరియా: నీళ్ళు ఎప్పుడు పోయాలి, ఎప్పుడు పోయకూడదు



పోయినేడు వేసవి సెలవులకు ముందు 6వ తరగతి పిల్లలకు తలా ఒక చిన్న కుండీ ఇచ్చి పంపినాము. అందులో తామరపువ్వు మాదిరి ఆకులు విచ్చుకున్న ఎచెవేరియా మొక్క. బడి తెరిచినాక చూస్తే సగానికి పైగా కుళ్ళిపోయినాయి. ఒక పాప ఖాళీ కుండీ పట్టుకొని వచ్చి, "దినామూ రెండు పూటలా నీళ్ళు పోస్తిని మిస్, అయినా సచ్చిపోయె" అని ఏడ్చింది. తప్పు ఆ పాపది కాదు. ఈ మొక్క ఎలా బతుకుతుందో మేము ముందే చెప్పి ఉండాల్సింది. ఈ ఏడు కూడా మొక్కలు ఇస్తున్నాము కాబట్టి దయచేసి ఇది మొత్తం చదవండి.

ఈ మొక్కకు నీళ్ళు ఎందుకు తక్కువ కావాలి?

ఎచెవేరియా సొంత ఊరు మెక్సికో. అక్కడి రాళ్ళ సందుల్లో, నీళ్ళు నిలవని చోట పెరుగుతుంది. దీని దళసరి ఆకులే దీని నీళ్ళ తొట్టి. మామూలు మొక్కలు పగటిపూట ఆకుల మీదుండే సన్నని రంధ్రాలు తెరిచి గాలి పీలుస్తాయి, అప్పుడే నీళ్ళు ఆవిరైపోతాయి. ఇది తెలివైనది. పగలు రంధ్రాలు మూసుకొని, చల్లబడినాక రాత్రి తెరుస్తుంది. రాత్రి పీల్చిన కార్బన్ డయాక్సైడును పుల్లని ఆమ్లంగా మార్చి దాచుకుంటుంది. తెల్లవారినాక ఎండ వెలుతురుతో దాన్నే ఆహారంగా మార్చుకుంటుంది.

మన ఇళ్ళ దగ్గర పెరిగే రణపాల కూడా ఇదే కుటుంబం. ముందు సామర్లకోటలో, తరువాత బెంగుళూరు లాల్‌బాగ్‌లో కంపెనీ తోటలు చూసిన బెంజమిన్ హెయిన్ అనే వృక్షశాస్త్రజ్ఞుడు రణపాల ఆకు నమిలి చూసినాడు. పొద్దున పుల్లగా, మధ్యాహ్నానికి రుచి లేకుండా, సాయంత్రానికి కొంచెం చేదుగా ఉందని 1813లో ఒక ఉత్తరంలో రాసినాడు. ఆ పులుపు ఎందుకో శాస్త్రజ్ఞులు తరువాత తేల్చినారు. పిల్లలూ, మీరు మాత్రం నమిలి చూడొద్దు. రణపాల ఎక్కువగా మేస్తే పశువులకే ప్రమాదం.

కుండీ, మట్టి

కుండీకి అడుగున రంధ్రం ఉండి తీరాలి. టీ కప్పులో, రంధ్రం లేని పింగాణీ గిన్నెలో పెడితే అందంగా ఉంటుంది కానీ మొక్క మిగలదు. మట్టికుండీ అయితే తడి తొందరగా ఆరుతుంది. రెండు పాళ్ళు దొడ్డు ఇసుక, చిన్న ఇటుక ముక్కలు, ఒక పాలు ఎర్రమట్టి, ఒక పిడికెడు బాగా మాగిన పేడ ఎరువు కలిపితే చాలు. ఎమ్-శాండ్ అయితే జల్లించి దుమ్ము తీసేయండి. ఆ దుమ్ము సిమెంటు మాదిరి గట్టిపడుతుంది.

నీళ్ళు

దినం లెక్క పెట్టుకోవద్దు. చీపురుపుల్ల ఒకటి కుండీ అడుగుదాకా గుచ్చి తీయండి. పుల్లకు మట్టి అంటితే ఆగండి. పొడిగా వస్తే రంధ్రంలోంచి కారేదాకా ఒకేసారి పోయండి. మన హోసూరు ఎండలకు వారానికి ఒకసారి సరిపోవచ్చు, వానల్లో రెండు మూడు వారాలైనా అవసరం రాకపోవచ్చు. మొక్క నడినెత్తిన పోయొద్దు, మట్టిలో పోయండి. కింద పళ్ళెంలో నీళ్ళు నిలిస్తే పారబోయండి. ఐప్పసి వానల్లో కుండీని వసారాలోకి తెచ్చుకోండి.

ఆకు సన్నబడి ముడతలు పడితే దాహం. ఒకసారి నీళ్ళు పోస్తే తేరుకుంటుంది. ఆకు పసుపుపచ్చగా, అద్దం మాదిరి మారి మెత్తబడితే నీళ్ళు ఎక్కువైనట్టు. ఈ తేడా తెలిస్తే సగం పని అయినట్టే. అన్నిటికన్నా కింది ఆకులు ఒకటి రెండు ఎండిపోవడం మామూలే, భయపడొద్దు.

ఎండ

పొద్దుటి ఎండ నాలుగైదు గంటలు తగలాలి. చీకటి గదిలో, టీవీ పక్కన పెడితే వెలుతురు కోసం కాడ సాగి, పువ్వు ఆకారం పోతుంది. అలాగని నీడలో ఉన్నదాన్ని ఏప్రిల్ మధ్యాహ్నం మిద్దె మీద పెడితే ఆకులు కాలుతాయి. వారం పది దినాలు కొంచెం కొంచెంగా అలవాటు చేయండి. ఆకుల మీది బూడిద మాదిరి పొర దుమ్ము కాదు. ఎండనుంచి కాపాడేది అదే. తుడవొద్దు.

కుళ్ళు పడితే

మొక్కను పీకి మట్టి దులపండి. నల్లబడిన భాగం మొత్తం, లోపల శుభ్రమైన కాడ కనపడేదాకా పెద్దవాళ్ళతో కోయించండి. నీడలో మూడు నాలుగు దినాలు ఆరబెట్టి పొడిమట్టిలో నాటండి. వారం తరువాతే నీళ్ళు. ఆకుల సందుల్లో తెల్లని దూది మాదిరి కనిపిస్తే అది పిండినల్లి. సబ్బునీళ్ళలో ముంచిన దూదిపుల్లతో తుడిచేయండి.

పిలకలు

బాగా ఉన్న మొక్క పక్కన పిలకలు వేస్తుంది. రూపాయి బిళ్ళంత అయినాక విడదీసి నాటవచ్చు. మొదలుదాకా పూర్తిగా ఊడివచ్చిన ఆకు కూడా మొక్క అవుతుంది. మూడు దినాలు ఆరనిచ్చి పొడిమట్టి పైన ఊరికే పెట్టండి. కొన్ని వారాల్లో సన్నని గులాబీరంగు వేర్లు వస్తాయి.

ఒక మాట: ఫోటోలు చూసి సెంపర్‌వైవం కొనొద్దు. చూడను ఇలాగే ఉంటుంది, కానీ అది యూరప్ కొండల మొక్క. మంచుకు తట్టుకుంటుంది, మన ఎండకు, ఉక్కకు తట్టుకోదు.

తల్లిదండ్రులకు ఒక మనవి. పిల్లలు మరిచిపోయినారని మీరు నీళ్ళు పోయొద్దు. మరుపే ఈ మొక్కకు మేలు. బడి తెరిచే దినం కుండీ తీసుకురండి. మొక్క పోయినా సరే, కుండీ తెండి, తిట్టేవాళ్ళు ఎవరూ లేరు. పిలకలు వేసినవాళ్ళు ఒకటి ఇస్తే, ఖాళీ కుండీతో వచ్చిన స్నేహితుడికి అది చేరుతుంది.