చెక్క బ్యాటా? కార్బన్ బ్యాటా?

జిల్లా స్థాయి టేబుల్ టెన్నిస్ పోటీలకు పిల్లవాణ్ణి తీసుకువెళ్లిన తండ్రికి మొదట ఎదురయ్యే చిక్కు బ్యాటు. అవతలి కుర్రవాడి బ్యాటు అంచున సన్నటి నల్లగీతలు కనిపిస్తాయి. "అది కార్బన్ బ్యాటు నాన్నా, అందుకే వాడు గెలిచాడు. నాకూ కొనిపెట్టు" అంటాడు కొడుకు. ధర అడిగితే మామూలు చెక్క బ్యాటుకు ఎన్నో రెట్లు చెబుతారు. పంట డబ్బులోంచి అంత తీసి ఇవ్వవలసిందేనా?

ముందుగా తెలుసుకోవలసిందేమంటే, కార్బన్ బ్యాటు అన్నా అది కూడా చెక్కే. అంతర్జాతీయ సమాఖ్య నిబంధన ప్రకారం బ్యాటు పలక మందంలో కనీసం 85 శాతం సహజమైన కొయ్యే ఉండాలి. పొరలను అతికించేచోట కార్బన్ వంటి నారను ఇమడ్చవచ్చు. అయితే అలాంటి ఒక్కొక్క పొర మొత్తం మందంలో 7.5 శాతానికి గాని, 0.35 మిల్లీమీటరుకు గాని, ఏది తక్కువైతే దానికి మించరాదు. లెక్క కడితే 6 మిల్లీమీటర్ల పలకలో 5.1 మిల్లీమీటర్లు కొయ్యే ఉండి తీరాలి. ఆట తీరును మార్చేదంతా గోరు మందం కూడా లేని రెండు పొరలు!

మామూలు చెక్క బ్యాటులో అయిదు పొరలో, ఏడు పొరలో ఉంటాయి. లోపల అయూస్ వంటి తేలిక కొయ్య వేస్తారు. పైపొరకు లింబా, కోటో వాడతారు. ఇవి ఆఫ్రికా చెట్లు. వాటిలో లింబా మన మద్ది, కరక్కాయ, తాని చెట్ల జాతిదే కావడం విశేషం. లింబా పైపొర కాస్త మెత్తన, కోటో గట్టిది. అందుకే చెక్క బ్యాట్లన్నీ ఒకేలా ఆడవు.

గొడ్డలితో మొద్దు నరికేవారికి ఒక సంగతి అనుభవమే. దెబ్బ సరిగా పడితే పిడిలో ఏమీ తెలియదు. పక్కకు పడిందా, చెయ్యి జివ్వుమంటుంది. బ్యాటులోనూ అంతే. బంతి తగలగానే చెక్క రవ్వంత వంగి అదురుతుంది. దెబ్బలోని బలం కొంత ఆ అదురుకే పోతుంది. కార్బన్ నార బిగువైనది, అంత తేలిగ్గా వంగదు. కాబట్టి బలం ఎక్కువగా బంతికే చేరుతుంది. చెక్క బ్యాటులో నడిమి భాగం దాటి అంచు వైపు తగిలిన బంతి చచ్చుగా పోతుంది. కార్బన్ బ్యాటులో అక్కడ తగిలినా వేగం మరీ పడిపోదు. ఆటగాళ్లు కార్బన్‌ను మెచ్చుకునేది వేగం కోసమే అనుకుంటారు గాని, చాలామందికి ఈ రెండో గుణమే ఎక్కువ అక్కరకు వస్తుంది.

మరి చెక్కకున్న మేలు ఏమిటి? బంతి బ్యాటు మీద నిలిచేది సెకనులో సుమారు వెయ్యోవంతు. ఆ కాస్త వ్యవధిలోనే బంతి ఎక్కడ తగిలిందో, ఎంత బలంగా తగిలిందో చెక్క పిడి ద్వారా చేతికి చెబుతుంది. సర్వీసును నెట్టు దగ్గరే పొట్టిగా తిప్పి వేయాలన్నా, ఎదుటివాడి సర్వీసును అలా తాకి నెట్టు పక్కనే దింపాలన్నా చెక్క చెప్పినట్టు వింటుంది. కార్బన్ మీద అదే బంతి జానెడు ముందుకు పోయి లేస్తుంది. ఎదుటివాడు కాచుకుని ఉంటాడు, ఇక చెప్పేదేముంది! టాప్‌స్పిన్ కొట్టినప్పుడు చెక్క నుంచి బంతి గుండ్రంగా లేచి నెట్టు దాటుతుంది. కార్బన్ నుంచి కిందుగా, నిటారుగా దూసుకుపోతుంది. మణికట్టు కోణం తప్పితే నెట్టుకో, బల్ల అవతలికో పోతుంది. బల్ల దగ్గర నిలబడి అవతలివాడి దెబ్బను కాచి తిప్పికొట్టేవారికి, బల్లకు దూరం జరిగి బలంగా బాదేవారికి మాత్రం కార్బన్ కొండంత అండ.

ఈ తేడాలను తగ్గించే ఉపాయాలూ వచ్చాయి. కార్బన్‌తో ఆరిలేట్ అనే మరో నారను కలిపి నేస్తే అదురు మెత్తబడుతుంది. జపాన్‌కు చెందిన బటర్‌ఫ్లై సంస్థ 1993లో తెచ్చిన విస్కారియా అలాంటిదే. చైనా ఆటగాడు ఝాంగ్ జికే దానితోనే పేరు పొందాడు, 2012 లండన్ ఒలింపిక్స్‌లో స్వర్ణం గెలిచాడు. నారను పైపొర కిందనే కాక లోపలి కొయ్యను ఆనించి వేసే పద్ధతి కూడా ఉంది. అలా చేస్తే మెల్లగా ఆడినప్పుడు చెక్కలా, గట్టిగా కొట్టినప్పుడు కార్బన్‌లా పనిచేస్తుంది.

బ్యాటు వల్ల ఆటే తారుమారైన ఉదంతం మన దేశంలోనే జరిగింది. 1952లో బొంబాయి ప్రపంచ పోటీల్లో జపాన్‌కు చెందిన హిరోజీ సాటో మందపాటి స్పాంజి బ్యాటు పట్టుకు వచ్చాడు. దెబ్బకు చప్పుడే లేదు. బంతి వేగం అందక ఎదుటివారు తికమకపడ్డారు, టైటిల్ అతనిదే అయింది. కార్బన్ అంత సంచలనం చేయలేదు. 2004 ఏథెన్స్ ఒలింపిక్స్‌లో కొరియాకు చెందిన ర్యూ సుంగ్ మిన్ హినోకి అనే జపాన్ చెట్టు ఒంటి పలక బ్యాటుతో చైనా ఆటగాడు వాంగ్ హావోను ఓడించి స్వర్ణం పట్టుకుపోయాడు. ఆ తరువాత ఆట మారిన మాట నిజమే. 2000లోనే బంతి 38 నుంచి 40 మిల్లీమీటర్లకు పెరిగి ఉంది. 2008లో వేగం పెంచే జిగురును నిషేధించారు. 2014 నుంచి ప్లాస్టిక్ బంతి వచ్చింది. ఇలా తగ్గిన వేగాన్ని పూడ్చుకోవడానికే పెద్ద పోటీల ఆటగాళ్లు కార్బన్ వైపు మొగ్గారు.

హైదరాబాద్‌కు చెందిన ఆకుల శ్రీజ 2024 పారిస్ ఒలింపిక్స్‌లో చివరి పదహారు మందిలో నిలిచిన సంగతి తెలిసిన పిల్లలకు మంచి బ్యాటు మీద మోజు కలగడం సహజం. అయితే చేయి ఇంకా కుదరని పిల్లవాడికి కార్బన్ ఇస్తే, బంతి బల్ల దాటిపోతుందన్న భయంతో చేతిని బిగబట్టి సగం దెబ్బే కొడతాడు. ఆ అలవాటు పడితే మాన్పించడం శిక్షకుడికి కూడా కష్టమే. అయిదు పొరల చెక్క బ్యాటుతో రెండు వైపులా నిండుగా చేయి ఊపి వరుసగా బంతులు బల్ల మీద వేయగలిగాకే కార్బన్ మాట ఎత్తాలి. అందాకా ఆ డబ్బులో కొంత పెట్టి రబ్బర్లు మార్పించడం మేలు. పాలిపోయి జారుడుగా తయారైన రబ్బరు వేసుకుంటే ఎంత ఖరీదైన చెక్క అయినా బంతిని తిప్పలేదు.

కొనే రోజు వచ్చినప్పుడు రబ్బరు అంటించని పలకను అడిగి చేతికి తీసుకోవాలి. బంతిని దాని నడిమి నుంచి అంచు దాకా మెల్లగా ఎగరేస్తూ పోతే, చెక్క పలక మీద శబ్దం బొద్దుగా ఉండి అంచుకు వచ్చేసరికి మారుతుంది. కార్బన్ పలక మీద సన్నగా, గట్టిగా పలుకుతుంది. పక్కకు తిప్పి అంచు చూస్తే కొయ్య పొరల నడుమ నారగీతలు రెండు వైపులా సమంగా కనబడాలి. గీత పైన పూసిన రంగు మాత్రమేనా అన్నది గోటితో గీకి చూసుకోవచ్చు.