గుబులుకు మందు వంటింట్లో ఉందా?

మార్చి నెల వచ్చిందంటే చాలు, సికింద్రాబాద్‌ మోండా మార్కెట్‌లో ఎండు మూలికలు అమ్మే కొట్ల దగ్గర ఒకే మాట. ‘పిల్లాడికి పరీక్షలండీ, ఒకటే కంగారు పడుతున్నాడు. సరస్వతి ఆకు పొడి ఉందా?’ పిల్లాడి పొట్లం చేతికందాక ఆ తల్లే గొంతు తగ్గించి ఇంకోటి అడుగుతుంది... ‘నాకూ రాత్రిళ్లు నిద్ర పట్టడం లేదు. గుండె దడదడమంటోంది. దానికేమైనా ఉందా?’

మారేడ్‌పల్లిలో ఉండే మా మేనత్త కూడా అలా అడిగిన మనిషే. కొడుకు అమెరికా వెళ్లినప్పటి నుంచి ఆవిడకు ఫోను మోగినా గుబులే, మోగకపోయినా గుబులే. ఎవరో చెబితే పెన్నేరుగడ్డ పొడి తెచ్చుకుని రోజూ రాత్రి పాలల్లో కలుపుకుని తాగింది. నెల తిరిగేసరికి దడ తగ్గకపోగా చేతులు వణకడం మొదలైంది. డాక్టరు అడిగిన మొదటి ప్రశ్న... ‘థైరాయిడ్‌ మాత్రతో పాటు ఇంకేమైనా వాడుతున్నారామ్మా?’

పెన్నేరుగడ్డ అంటే అశ్వగంధే. దాని గురించి పెద్దలు చెప్పిందంతా ఉత్త నమ్మకమేం కాదు. హైదరాబాద్‌లోని ఆశా ఆసుపత్రి వైద్యుడు కె.చంద్రశేఖర్‌, ఆయన సహచరులు ఒత్తిడితో బాధపడుతున్న 64 మందిని పరీక్షించి 2012లో ఫలితాలు ప్రచురించారు. సగం మందికి 300 మి.గ్రా. వేరు సారాన్ని రోజుకు రెండుసార్లు 60 రోజులపాటు ఇచ్చారు. మిగతా సగానికి మందు లేని ఉత్త గుళికలు. ఎవరికి ఏది ఇస్తున్నారో ఎవరికీ తెలీదు. అసలు మందు తీసుకున్న వాళ్లలో ఆందోళన బాగా తగ్గింది. ఒత్తిడి హార్మోను కార్టిసాల్‌ దాదాపు 28 శాతం పడిపోయింది.

బాగానే ఉంది. కానీ అది 64 మంది, రెండు నెలల సంగతి. పైగా వాళ్లు తీసుకున్నది కొలత ప్రకారం తయారుచేసిన సారం, చెంచాతో అందాజాగా వేసుకున్న పొడి కాదు. ఈ వేరు థైరాయిడ్‌ హార్మోన్లను పెంచగలదు. అత్తయ్య విషయంలో డాక్టరు అనుమానించింది అదే. కాలేయం దెబ్బతిన్న కేసులూ అరుదుగా ఉన్నాయి. గర్భిణులు దాని జోలికే వెళ్లకూడదు. డెన్మార్క్‌ అయితే 2023లో ఏకంగా నిషేధించింది. ఇక ‘బ్రాహ్మి’ పేరుతో బజార్లో రెండు వేర్వేరు మొక్కలు అమ్ముతారు. ఏది ఇచ్చారో కొన్నవాళ్లకు తెలిసే వీలు తక్కువ.

మూలికల సంగతి అలా ఉంచి, తిండి దగ్గరికి వద్దాం. సికింద్రాబాద్‌ నుంచి ఉప్పల్‌ వెళ్లే దారిలో తార్నాక దగ్గర జాతీయ పోషకాహార సంస్థ కనిపిస్తుంది. కూనూరులో 1918లో ఒక్క గదిలో మొదలై 1958లో ఇక్కడికి తరలి వచ్చింది. అప్పట్లో ఈ ప్రాంతంలో జొన్న తప్ప మరొకటి దొరకని పేదల్లో ఒక వింత జబ్బు కనిపించేది. మెడ మీద, చేతుల మీద చర్మం నల్లబడి పగిలేది. విరేచనాలు పట్టుకునేవి. నిద్ర ఉండదు, కారణం లేని భయం, దిగులు... ముదిరితే మతి చెడిపోయేది. దాని పేరు పెల్లాగ్రా. అది మొక్కజొన్న తినేవాళ్ల జబ్బనే ప్రపంచమంతా అనుకునేది. జొన్నలో ఎక్కువగా ఉండే ల్యూసిన్‌ వల్ల కూడా వస్తుండొచ్చని సి.గోపాలన్‌, ఎస్‌.జి.శ్రీకంఠయ్య 1960లో ‘లాన్సెట్‌’ పత్రికలో రాశారు. ల్యూసిన్‌ మాట మీద తర్వాత వాదోపవాదాలు నడిచాయి. నయాసిన్‌ అనే బి విటమిన్‌ ఇస్తే మాత్రం ఆ భయం, దిగులు రోజుల్లోనే తగ్గుముఖం పట్టేవి. అలాగని జొన్నరొట్టె మానక్కర్లేదు. పక్కన పప్పు, పల్లీలు, పాలు ఉంటే ఆ బెడద ఉండదు.

ఇప్పుడు పెల్లాగ్రా అరుదు. రక్తహీనత మాత్రం అరుదు కాదు. ఇనుము తగ్గినా గుండె దడే, థైరాయిడ్‌ పెరిగినా దడే. శాకాహారుల్లో బి12 లోపిస్తే చిరాకు, మతిమరుపు, ఆందోళన రావచ్చు. అందుకే పొడి పొట్లం కన్నా ముందు ఒక రక్తపరీక్ష చేయించుకోవడం మేలు.

ఇంకొకటి ఉంది, చెబితే సికింద్రాబాద్‌ వాళ్లకు కోపం రావచ్చు. చాయ్‌! తార్నాక సంస్థ 2024లో విడుదల చేసిన ఆహార మార్గదర్శకాల ప్రకారం కప్పు టీలో 30 నుంచి 65 మి.గ్రా., ఫిల్టర్‌ కాఫీలో 80 నుంచి 120 మి.గ్రా. కెఫీన్‌ ఉంటుంది. రోజుకు 300 దాటకూడదు. భోజనానికి గంట ముందూ, గంట తర్వాతా టీ, కాఫీలు వద్దంటున్నారు, ఇనుము ఒంటికి పట్టదని. పేజీలు పెట్టే రోజున నేను తాగేది ఆరు కప్పులు. ఈ లెక్క చూశాక ఏడోది మానేశాను.

వారాల తరబడి గుబులు వదలకపోతే, పనులు ఆగిపోతుంటే డాక్టరు దగ్గరికి వెళ్లాల్సిందే. అప్పటికే మాత్రలు వాడుతున్నవాళ్లు మూలికల మీద భరోసాతో వాటిని ఉన్నట్టుండి ఆపేయడం ప్రమాదం. కేంద్ర ప్రభుత్వ టెలీ-మానస్‌ నంబరు 14416కు ఫోన్‌ చేస్తే ఉచితంగా తెలుగులోనే మాట్లాడొచ్చు.

అత్తయ్య పొడి మానేసింది. సాయంత్రం ఆరు దాటాక టీ కూడా. వణుకు నెలలో తగ్గింది. పెన్నేరుగడ్డ డబ్బా కడిగి అందులో వేయించిన పల్లీలు పోసి పెట్టుకుంది. ‘ఎప్పుడు పడితే అప్పుడు వద్దురా, ఆదివారం పొద్దున తొమ్మిదింటికే చెయ్యి’ అని కొడుక్కి చెప్పింది. వాడు ఇప్పటిదాకా ఒక్క వారమే మర్చిపోయాడు.