వ్యాపార వీడియో - నిర్మాణక్రమం

సరుకు మంచిదైతే కొనేవారు తామే వెతుక్కుంటూ వస్తారని పూర్వం వర్తకులు నమ్మేవారు. ఈనాడు కొనేవారు హైదరాబాదులోనో, దుబాయిలోనో ఉంటారు. సరుకు పుట్టిన నేలను వారు స్వయంగా చూడలేరు. ఆ లోటు తీర్చడానికి వచ్చినదే వ్యాపార వీడియో. ఒక సంస్థ తన పనిని, తన వస్తువును రెండు మూడు నిమిషాలలో దృశ్యరూపంగా చెప్పుకోవడమే దీని లక్షణం.

ఇది నిన్న మొన్న పుట్టిన ప్రక్రియ అని చాలామంది అనుకొంటారు. నిజానికి చలనచిత్రం తొలి అడుగులు పడినది ఒక కర్మాగారం గుమ్మం ముందే. 1895లో ఫ్రాన్సు దేశంలోని లియాన్ నగరంలో లూమియేర్ సోదరులు, ఛాయాచిత్ర ఫలకాలు తయారు చేసే తమ కర్మాగారం నుండి పనివారు బయటికి వస్తున్న దృశ్యాన్ని చిత్రించారు. దాని నిడివి నిమిషమైనా లేదు. ఆ చిత్రానికి మూడు రూపాలు ఉన్నాయి. ఒకదానిలో బండికి ఒక గుర్రం, మరొకదానిలో రెండు గుర్రాలు ఉంటాయి. మూడవదానిలో గుర్రమే కనిపించదు. అంటే ఒకే దృశ్యాన్ని మళ్ళీ మళ్ళీ తీయడం సినిమాతోపాటే పుట్టినదన్నమాట. కనుక చిత్రీకరణ నాడు 'మరొకసారి' అనే మాట పదిసార్లు వినిపించినా విసుగు చెందనవసరం లేదు.

మనకు చేరువలోని ఒక ఉదాహరణతో ఈ నిర్మాణక్రమాన్ని పరిశీలిద్దాం. వికారాబాదు జిల్లాలోని తాండూరు కందులకు 2022 డిసెంబరులో భౌగోళిక గుర్తింపు లభించింది. అందుకు దరఖాస్తు చేసినది యాలాల రైతు ఉత్పత్తిదారుల సంస్థ. అటువంటి రైతుల సంస్థ ఒకటి తన కందిపప్పును గురించి వీడియో తీయించదలచినదని ఊహించుకొందాం.

మొదటిరోజే కెమెరా వస్తుందని రైతులు ఎదురుచూస్తారు. కాని మొదటిరోజు వచ్చేవి ప్రశ్నలు మాత్రమే. ఈ వీడియోను ఎవరు చూడాలి? గృహిణియా, టోకు వ్యాపారియా? చూసిన తరువాత వారు ఏమి చేయాలి? ఈ ప్రశ్నలకు సంస్థ సభ్యులే తలా ఒక సమాధానం చెప్పడం సాధారణంగా జరుగుతుంది. ఆ భేదాన్ని కాగితం మీదనే పరిష్కరించుకోవాలి. చిత్రీకరణ మొదలైన తరువాత తేల్చుకొందామనుకొంటే ఖర్చు రెట్టింపవుతుంది.

తరువాతిది రచన. నిమిషానికి సుమారు నూరు మాటలకంటె ఎక్కువ వ్యాఖ్యానం పట్టదు. రెండు నిమిషాల వీడియోకు రెండువందల మాటలు! సంస్థ చరిత్ర, అధ్యక్షుని సందేశం, పాలకవర్గ సభ్యుల పేర్లు అన్నీ చేర్చాలని కోరితే పప్పు గురించి చెప్పడానికి చోటే మిగలదు. ఏది విడిచిపెట్టాలో నిర్ణయించుకోవడమే రచనలోని అసలు కష్టం.

ఋతువు మన మాట వినదు. కంది తొలకరి వానలకు విత్తే పంట. చేను పసుపుపచ్చగా పూసేది అక్టోబరు, నవంబరు మాసాలలో. కోతకు వచ్చేది సంక్రాంతికి కొంచెం అటూ ఇటూ. వేసవిలో కెమెరాను పిలిస్తే చిత్రించడానికి దున్నిన నేల తప్ప మరేమీ ఉండదు. పూత, కోత, మిల్లులో పప్పు విరగడం, ఈ మూడూ కావాలంటే చిత్రీకరణ బృందం కనీసం రెండుసార్లు రావలసిందే. ఈ సంగతిని ముందే ఒప్పందంలో వ్రాసుకోవాలి.

ఇక్కడ ఒక ప్రలోభం ఎదురవుతుంది. వికారాబాదు నుండి తాండూరుకు వెళ్ళే దారికి సమీపంలోనే కోట్‌పల్లి జలాశయం ఉన్నది. చుట్టూ అడవి, నీటిపై పడవలు. డ్రోను ఎగురవేస్తే దృశ్యం అత్యంత మనోహరంగా ఉంటుంది. దీనితోనే వీడియో ప్రారంభిద్దామని కెమెరామన్ అనడం సహజం. కాని తాండూరు కంది నల్లరేగడిలో వానను నమ్ముకొని పండే పంట. నిండు జలాశయం చూపి ఆ వెంటనే కందిచేను చూపితే, నీటిపారుదలతో పండినదని ప్రేక్షకుడు భావిస్తాడు. ఒక్క అబద్ధపు మాట లేకుండానే వీడియో అబద్ధమాడినట్లవుతుంది! వేరే ప్రాంతపు చేనును చూపి తాండూరు చేను అనడం ఇంకా పెద్ద తప్పు. 2019 నాటి వినియోగదారుల రక్షణ చట్టం తప్పుదోవ పట్టించే ప్రకటనలకు జరిమానా విధిస్తుంది. పైగా, నేల పేరు మీద విలువ సంపాదించిన పంటకు ఆ పేరే పెట్టుబడి. కోట్‌పల్లి అందాలకు విడిగా ఒక పర్యాటక వీడియో తీసుకోవచ్చు.

చిత్రీకరణ నాడు అందరి దృష్టీ కెమెరా మీదనే ఉంటుంది. కాని వీడియోలు ఎక్కువగా చెడిపోయేది శబ్దం వల్లనే. మిల్లు తిరుగుతుండగా దాని పక్కన నిలబడి మాట్లాడితే ఒక్క మాటా వినిపించదు. చేనులో గాలి మైకును కొడుతుంది. అందుచేత యంత్రాన్ని ఒకసారి, మాటలను వేరొకచోట మరొకసారి తీస్తారు. మిట్టమధ్యాహ్నపు ఎండలో తలపాగా నీడ పడి రైతు ముఖం నల్లబడుతుంది కనుక బృందం తెల్లవారకముందే చేను చేరుతుంది.

మనిషిని ఏ ఎత్తు నుండి చూపాలన్నది కూడ చిన్న విషయం కాదు. తాండూరుకు దూరం కాని జహీరాబాదు ప్రాంతంలో, పస్తాపూరు కేంద్రంగా పనిచేసే దక్కన్ డెవలప్‌మెంట్ సొసైటీలో దళిత మహిళా రైతులు వీడియో చిత్రీకరణ నేర్చుకొన్నారు. వారిలో అక్షరజ్ఞానం లేనివారూ ఉన్నారు. కెమెరా కోణాలకు వారు తమ జీవితం నుండే పేర్లు పెట్టుకొన్నారు. పైనుండి క్రిందికి చూస్తే అది పటేలు చూపు. క్రిందినుండి పైకి చూస్తే బానిస చూపు. కంటికి కన్ను సమానంగా నిలిపితే అది సంఘం చూపు. సంఘంలో అందరూ ఒకే చాప మీద కూర్చుంటారు గదా! పాఠ్యగ్రంథాలలో పుటలు పుటలుగా చెప్పే విషయాన్ని వారు మూడు మాటలలో చెప్పారు. కూలి పని చేస్తున్న స్త్రీని ఏ చూపుతో చిత్రించాలో కెమెరామన్‌కు సంస్థే చెప్పాలి. ఆమె ముఖాన్ని వ్యాపారానికి వాడుకొంటున్నారు కనుక ఆమె అనుమతి తీసుకోవాలి. ఆ రోజు పోయిన కూలి ఇవ్వాలి.

రైతు మాటను సరిదిద్దడంలోనూ జాగ్రత్త అవసరం. కర్ణాటక సరిహద్దున ఉన్న తాండూరు తెలుగులో ఉర్దూ, కన్నడ పదాలు కలగలసి ఉంటాయి. ఆ యాసను తుడిచివేసి పుస్తకభాష వల్లెవేయిస్తే ఆయన మాట ఆయనకే పరాయిదవుతుంది. వ్యాఖ్యానం ప్రామాణిక భాషలో ఉండవచ్చు. రైతు మాత్రం తన భాషలోనే మాట్లాడాలి. అర్థంకాని వారికోసం అక్షరాలు తెర దిగువన వేస్తే సరిపోతుంది.

మిగిలినది కూర్పు. రోజంతా తీసిన దృశ్యాల నుండి రెండు నిమిషాలే మిగులుతాయి. ఇష్టమైన దృశ్యాలు పోయాయని బాధ కలగడం సహజమే. ప్రజాదరణ పొందిన సినిమా పాటను నేపథ్యంలో వాడుదామని ఎవరో ఒకరు అంటారు. 1957 నాటి కాపీహక్కుల చట్టం ప్రకారం దానికి హక్కుదారుల అనుమతి కావాలి. తొలి కూర్పు చూసిన తరువాత ఎన్నిసార్లు మార్పులు కోరవచ్చో, డబ్బు ఏ దశలో ఎంత చెల్లించాలో ముందే వ్రాతపూర్వకంగా ఉంటే తగవు రాదు. పూర్తయిన వీడియోతోపాటు కూర్చని మూల దృశ్యాలను కూడ అడిగి భద్రపరచుకోవాలి. వచ్చే ఏడు వానలు ముఖం చాటేసి కంది సరిగా పూయకపోతే, కొత్త వీడియోకు ఈ పూతే అక్కరకు వస్తుంది. అయితే అది ఏ సంవత్సరపు పూతో తెర మీద వేయాలి.