లాడ్‌బజారులో రెండు లెన్సులు

మా చెల్లెలి కుమార్తెకు వివాహము నిశ్చయమైనది. ఇంట మంచి కెమేరా కలదు గాని, దాని లెన్సు మా చేయి జారి పగిలి యేడాదియైనది. పెండ్లిలోపల క్రొత్తది కొనవలెనని దుకాణమునకు పోగా రెండు చూపిరి. ఒకటి 16 మొదలు 35 మిల్లీమీటర్ల వఱకు గల వైడ్ యాంగిల్ లెన్సు. దగ్గర నిలిచియే విశాలముగ చూపునది. రెండవది 70 మొదలు 200 వఱకు గల జూమ్. దూరపు వస్తువును దరికి లాగునది. మా చేతనున్న ధనము ఒక్కదానికే చాలును. ఇంటిలోని మగవారు పెద్దదే కొనుడని యేకగ్రీవముగ సలహా చెప్పిరి. వారిలో నొక్కరును పెండ్లిపందిటిలో నెన్నడును ఫోటో తీసినవారు కారు. అందుచేత మేము రెండింటిని ఒక దినమునకు అద్దెకు తెచ్చి, గాజులు కొనుటకు పోవుచు వెంట గొనిపోతిమి.

లెన్సుపై చెక్కిన అంకెలను జూచి సోదరీమణులు వెఱవ పనిలేదు. అంకె చిన్నదైనకొలది చూపు విశాలము. పెద్దదైనకొలది చూపు ఇఱుకు, వస్తువు పెద్దది. ఫుల్‌ఫ్రేమ్ అను కెమేరాలో సెన్సారు వెడల్పు 36 మిల్లీమీటర్లు. ఆ 36ను లెన్సు అంకెచే భాగించి, మనకును వస్తువునకును గల దూరముచే గుణించిన, పటములో పట్టు వెడల్పు తేలును. పది అడుగుల దూరమున 24 కడ నిలిపిన పదునైదడుగులు పట్టును. ఆ చోటనే 200 కడ నిలిపిన రెండడుగులైన పట్టవు. సెన్సారు చిన్నదైన కెమేరాలలో ఈ వెడల్పు ఇంకను తగ్గును. పెక్కింటిలో 24 లెన్సు సుమారు 36 లెన్సువలె పనిచేయును. కొనుటకు ముందు మీ కెమేరా యేది యని తప్పక విచారింపవలయును.

ఉదయము యేడుగంటలకు గుల్జార్ హౌజు కడ దిగితిమి. మొదట జూమ్ పెట్టి చూచితిమి. దాని గొప్పతనమును కాదనలేము. 1591లో కులీ కుతుబ్‌షా కట్టించిన చార్మినారుపై గచ్చుతో తీర్చిన పువ్వులను, నేలపై నిలిచి తల యెత్తి యెన్నిమారులు చూచినను మేము గుర్తింపజాలలేదు. ఆ దినమున ఱేకు ఱేకును కనబడినది. 1889లో అమర్చిన గడియారపు ముల్లును చదువగలిగితిమి. దూరమునుండి తీసిన పటములో చార్మినారు వెనుక కొండవలె లేచి, ముందు నడచు జనము దాని పాదముల కడనే యున్నట్లు తోచినది. ఇది లెన్సు చేసిన మాయ కాదు. మనము చాల దూరము నిలిచినపుడు, మనుజునికిని కట్టడమునకును నడుమ నున్న యెడము మన దూరముతో పోల్చగా స్వల్పమైపోవును, అంతియే.

విశాలపు లెన్సుతో దగ్గరకు పోయి కెమేరాను పైకెత్తితిమి. నాలుగు మినార్లును లోనికి వంగి, తలలు కలిపి గుసగుసలాడుచున్నట్లు పడినవి! కెమేరాను వంచక నిటారుగ నుంచి, వెనుకకు జరిగి తీసి, మిగిలిన నేలను పిదప కత్తిరించుకొనిన ఈ దోషము తీఱును.

జూమ్ బరువు కిలోకు పైగ నుండెను. పది గంటలకే మా మణికట్టు నొప్పి పెట్టినది. చేయి వణకిన పటము చెదరును గనుక, 200 కడ సెకనులో రెండువందలవ వంతుకు మించి తెఱచియుంచరాదని వాడుక. 24 కడ ముప్పదవ వంతు చాలును. వణకు నాపు సాధనము గల లెన్సులలో కొంత సడలింపు కలదు. అయినను నీడసందులలో ఈ భేదమే పటమును నిలుపును, చెఱచును.

లాడ్‌బజారులోనికి మరలితిమి. ప్రక్కసందులో, ఇరువదియడుగుల దూరమున, గడపలో నొక స్త్రీ కూర్చుండి లక్క గాజునకు రాళ్లు పొదుగుచుండెను. లక్కను నిప్పుసెగపై కరగించి, కడ్డీగ సాగదీసి, వలయముగ చుట్టి, మెత్తదనము పోకమునుపే రాతిని నొక్కి నిలుపవలెను. ఈ హైదరాబాదు లక్కగాజులకు 2024లో భౌగోళిక గుర్తింపు లభించినది. మేము జూమ్‌ను 200 కడ నిలిపి వరుసగ నాలుగు పటములు తీసితిమి. అయిదవదానికి ఆమె తలయెత్తి చూచి, చెంగు ముఖముపైకి లాగుకొనినది. దరికి పోయి క్షమింపుమని వేడితిమి. ఆమె కోపింపలేదు. “అంత దూరమున దాగి తీయదగిన పని నేనేమి చేసితిని?” అని ఉర్దూలో నడిగినది.

మాకు మాట రాలేదు. ఆమె యెదుటనే నాలుగు పటములను చెఱిపివేసితిమి.

ఇదే నగరమున 1892లో రాజా దీన్‌దయాళ్ స్త్రీలకై ప్రత్యేకముగ నొక జనానా స్టూడియోను తెఱచెను. ఆయన 1844లో మీరటు దరి సర్ధనాలో జన్మించి, ఆఱవ నిజాము మహబూబ్ అలీఖాను ఆస్థాన చిత్రకారుడై పేరొందినవాడు. ఘోషా స్త్రీలు పరపురుషుని కెమేరా యెదుట నిలువరు గదా! అందుచేత ఆ స్టూడియోను కెనీ లెవిక్ అను ఆంగ్లవనిత నడపెను, తీయునదియు స్త్రీయే. అపుడు జూమ్ లేదు. 35 మిల్లీమీటర్ల కెమేరాలకు తగిన జూమ్ లెన్సు అంగడికి వచ్చినది 1959లో, జర్మనీలోని ఫోయిగ్ట్‌లెండర్ సంస్థ వలన. దీన్‌దయాళ్ కాలమున ముఖము పెద్దదిగ కావలెనన్న దరికి పోవలెను. దరికి పోవలెనన్న అనుమతి కావలెను. ఆ స్టూడియోకు వచ్చిన స్త్రీ తన పటము తీయబడుచున్నదని యెఱిగియే కుర్చీలో కూర్చుండెను.

పిదప మేము ఆమెను, “ఆపా, మీ చేతులను మాత్రము తీయనిత్తురా?” అని అడిగితిమి. కొంతసేపాలోచించి, ముఖము వలదని చెప్పి, ప్రక్కన చాప చూపినది. విశాలపు లెన్సు మార్చి, దానిని 35 కడ నిలిపి, చేతులకు మూడడుగుల దూరమున కూర్చుంటిమి. నిప్పుల కుంపటియు, రాళ్ల పళ్లెమును, గోడకు వ్రేలాడు గాజుల వరుసలును అన్నియు పటమున పడినవి. ఆ సందులో జూమ్‌తో నిది సాధ్యము గాదు. వెనుకకు జరుగుటకు గోడ యొప్పుకొనదు.

కొన్నది విశాలపు లెన్సునే. మా యిండ్ల గదులు పదియడుగులవి. తలంబ్రాలవేళ పందిటిలో మన ముందు పదిమంది నిలుతురు. దరికి పోనివాడు వీపులనే తీయును. అయితే దాని దుర్గుణము చెప్పకుండరాదు. అంచులలో నిలిచినవారి ముఖములు సాగును. మా ఆడపడుచును అంచున నిలిపి 16 కడ తీసినందులకు ఆమె రెండు దినములు మాతో సరిగ మాటలాడలేదు. జనసమూహమును తీయునపుడు 24కు తగ్గక, లావుపాటి వారిని నడుమ నిలుపుట మేలు. ఒంటరి ముఖమును తీయవలసినపుడు మాత్రము జూమ్‌నే అద్దెకు తెచ్చుకొనుడు. ఆఱేడడుగుల నుండి తీసిన ముఖమే సహజముగ నుండును. పిల్లల బడినాటకములను తఱచు తీయువారికి, వేదిక దూరము గనుక, జూమే తగును.

పెండ్లియైన పదవదినమున చేతుల పటమును కాగితముపై అచ్చు వేయించి లాడ్‌బజారునకు గొనిపోతిమి. ఆమె దానిని వెలుతురుకు పట్టి చూచి, బొటనవ్రేలిపై కాలిన మచ్చ కూడ పడినదని నవ్వి, లోనికి పిలిచి కూతునకు చూపినది. ఆ కూతురు తన ఫోటోయు తీయుమని తానే వచ్చి గడపలో నిలిచినది.