బండికి నున్నని క్షవరం

పెళ్ళికూతురి మెడలో ఇంకో గొలుసు, గుమ్మానికి ఇంకో తోరణం, పద్యంలో ఇంకో సమాసం - అందం పెంచాలంటే ఏదో ఒకటి చేర్చాలని మన లెక్క. ఉన్నది తీసేసి అందం తెస్తామనే వాళ్ళు కూడా ఈ లోకంలో ఉన్నారు సుమండీ! వాళ్ళు అమెరికాలో మోటారు బళ్ళకు సింగారం చేసే పనివాళ్ళు. బండి మీది కంపెనీ పేరు, మెరిసే పట్టీలు, తలుపుల పిడులు ఒక్కొక్కటే ఊడదీస్తారు. వాటి తాలూకు బెజ్జాలు రేకుతో పూడ్చి, చెయ్యి వేస్తే జారిపోయేటంత నున్నగా చేస్తారు. ఈ పనికి వాళ్ళు పెట్టుకున్న పేరు 'షేవింగ్'. అంటే అచ్చంగా గడ్డం గీయడమే!

ఈ క్షవరాలలో చిక్కైన వాటిలో ఒకటి పికప్ ట్రక్కు వెనక తలుపుది. పికప్ అంటే ముందు మనుషులు కూర్చునే గది, వెనక కప్పు లేని తొట్టి. ఆ తొట్టి చివర కిందికి వాలే తలుపు ఉంటుంది. దాన్ని వాళ్ళు టెయిల్‌గేట్ అంటారు. మన లారీలకూ వెనక తలుపు ఉంది కాని దాని సంగతి వేరు. అదొక గోడపత్రిక! ఇలవేల్పు పేరు, పిల్లల పేర్లు, తామరపూలు, నెమళ్ళు, 'హారన్ ప్లీజ్' అనే వేడికోలు - ఇంత ఖాళీ జాగా కనిపిస్తే మన పెయింటరు చెయ్యి ఊరుకోదు. అక్కడి వాడికేమో ఆ ఖాళీ జాగాయే కావాలి.

ఈ వేడుక నిన్న మొన్న పుట్టింది కాదు. కాలిఫోర్నియా రాష్ట్రానికి ముఖ్య పట్టణమైన శాక్రమెంటో చుట్టుపక్కల 1930ల నాటికే కుర్రాళ్ళు పాత కార్లను కోసి, అతికి, కొత్త రూపం ఇస్తూ ఉండేవారు. ఆ గాలిలో పెరిగినవాడే జార్జి బారిస్. టెలివిజన్‌లో 1966లో వచ్చిన 'బ్యాట్‌మన్' కారును తయారుచేసింది ఈయన దుకాణమే. జార్జి, ఆయన అన్న శామ్ కలిసి 1952లో బాబ్ హిరోహతా అనే యువకుడి కోసం 1951 నాటి మెర్క్యురీ కారును మలిచారు. ఆ కారు 2017లో అమెరికా చారిత్రక వాహనాల జాబితాకు ఎక్కింది. 2022 జనవరి వేలంలో సుమారు 20 లక్షల డాలర్లు పలికింది! టామ్ వుల్ఫ్ అనే రచయిత 1963లోనే 'ఎస్క్వయిర్' పత్రికలో ఈ పనివాళ్ళను గురించి పెద్ద వ్యాసం రాసి, వీళ్ళూ శిల్పులేనని వాదించాడు. ఆ రోజుల్లో బెజ్జాలు పూడ్చడానికి సీసం, తగరం కలిపిన లోహం వాడేవారు. ముందు రేకుకు మన ఇత్తడి గిన్నెలకు వేసినట్టే కళాయి పూసేవారు. ఆ పైన ఈ మిశ్రమాన్ని కరిగీ కరగని ముద్దగా ఉన్నప్పుడు కొయ్య తెడ్డుతో సర్దేవారు. అందుకే ఆ కార్లకు 'సీసపు బళ్ళు' అని ముద్దుపేరు వచ్చింది. సీసపు పొడి ఊపిరిలోకి పోతే విషం. 1950ల నడుమ ప్లాస్టిక్ పుట్టీ వచ్చాక చాలామంది దానికే మారారు.

ఇదంతా పుస్తకాల్లో చదివితే తెలిసేదే. నేను కళ్ళారా చూసింది మాత్రం మొన్న వేసవి సెలవుల్లో, శాక్రమెంటోలో ఉంటున్న మా తమ్ముడి ఇంటికి వెళ్ళినప్పుడు.

మా తమ్ముడి పక్కింటాయన దగ్గర 1990ల నాటి షెవర్లే పికప్ ఒకటి ఉంది. అది ఆయన తండ్రిది. ఆ తండ్రి ఇంటింటికీ తిరిగి నీటి గొట్టాలు, కుళాయిలు బిగించేవాడట. ఆయన పోయి రెండేళ్ళయింది. బండిని నున్నగా చేసి ఊళ్ళో జరిగే ప్రదర్శనకు పట్టుకుపోవాలని కొడుకు కోరిక. దానికి అడ్డం తగిలింది ఎవరో కాదు, కన్నతల్లి!

"అన్నయ్యా, పదిహేను రోజులుగా ఈ తగాదా నడుస్తోంది" అన్నాడు తమ్ముడు.

తగాదా అంతా వెనక తలుపు పిడి దగ్గరే. తలుపు నడిమధ్యన, బయటి వైపు, నల్లటి పిడి ఉంది. ఆ పెద్దావిడ మొక్కలు పెంచి, శనివారం శనివారం కుండీలను ఆ బండిలో వేసుకుని సంతకు పోతుంది. డెబ్భై దాటిన మనిషి, పొట్టి మనిషి కూడాను. "ముప్పై ఏళ్ళు మీ నాన్న చెయ్యి పడ్డ పిడి. అది తీసి చెత్తలో పారేస్తావా? రేపు నేను తలుపు ఎలా తియ్యను? నిన్ను పిలుచుకుంటూ కూర్చోనా?" అని ఆవిడ ప్రశ్న. కొడుకు దగ్గర జవాబు లేదు.

ఇక్కడ నాకు క్షేమేంద్రుడు గుర్తొచ్చాడు. తెలుగు మేష్టర్ని కదూ, ఎక్కడికి వెళ్ళినా అలంకారశాస్త్రం వెంటే వస్తుంది! పదకొండో శతాబ్దంలో కాశ్మీరంలో ఉండిన ఆ పండితుడు 'ఔచిత్య విచార చర్చ' రాశాడు. నడుముకు పెట్టవలసిన వడ్డాణం మెడకు పెట్టుకుంటే నవ్వులపాలే అవుతామని ఆయన అన్నాడు. నగ గొప్పదే, చోటు తప్పింది. ఏ వస్తువుకైనా అందం దాని చోటునుబట్టి వస్తుందన్నమాట.

చివరకు ఆ కొడుకూ అదే తోవ పట్టాడు. పిడిని పారేయడు, లోపలి వైపుకు మారుస్తాడు. బయటి నుంచి చూస్తే తలుపు నున్నటి పలక. తలుపు పై అంచు మీదుగా చెయ్యి లోపలికి పోనిచ్చి లాగితే గొళ్ళెం వస్తుంది. అయితే పిడి ఎంత కింద పెట్టాలి? తల్లిని బండి వెనక నిలబెట్టి, చెయ్యి లోపలికి వెయ్యమని, ఆవిడ వేళ్ళు ఎక్కడికి అందాయో అక్కడ సుద్దముక్కతో గీత గీశాడు. ఆ గీత చూశాక ఆవిడ మారు మాట్లాడలేదు.

పని చూస్తే సులువుగా కనిపిస్తుంది కాని, కాదు. పిడి వెనక నుంచి రెండు సన్నటి కడ్డీలు చెరో పక్కకు పోయి, అంచుల్లో ఉన్న రెండు గొళ్ళేలకు తగులుకుని ఉంటాయి. పిడి లాగితే కడ్డీలు రెండూ నడిమికి జరుగుతాయి, గొళ్ళేలు వదులుతాయి. పిడిని లోపలి వైపుకు తిప్పి బిగించినప్పుడు కూడా కడ్డీలు అలా నడిమికే జరగాలి, రెండూ ఒకేసారి జరగాలి. ఒకటి ముందు, ఒకటి వెనక వదిలితే తలుపు ఒంటి చేత్తో వేలాడిన కోతిలా మెలి తిరుగుతుంది. ఆయన లోపలి వైపు మూతపలకను కోసి, పిడి అమర్చి, వందసార్లు లాగి చూసుకున్న తర్వాతే బయటి బెజ్జం జోలికి పోయాడు.

ఆ బెజ్జం పూడ్చడమే అసలు పరీక్ష. వెడల్పాటి చదును రేకు, మందం మిల్లీమీటరుకు అటూ ఇటూ. వెల్డింగు వేడి తగిలిన చోట రేకు ఉబ్బబోతుంది. చుట్టూ ఉన్న చల్లటి రేకు ఉబ్బనివ్వదు. చల్లారేటప్పుడు ఆ చోటు ముడుచుకుని పక్క రేకును కూడా లాగేస్తుంది. ఇంకేం, తలుపంతా అలలు అలలు! వేలితో నొక్కితే నూనె డబ్బా అడుగులా టప్పుమని లోపలికీ బయటికీ కొట్టుకుంటుంది. అందుకని ముందు బ్యాటరీ తీగ విప్పి, బెజ్జానికి సరిగ్గా సరిపోయే రేకుముక్క కోసి పెట్టి, ఇక్కడొక చుక్క, అక్కడ దూరంగా ఇంకో చుక్క వెల్డింగు పెట్టాడు. ఒక చుక్క దానంతట అది చల్లారితే గాని ఇంకోటి పెట్టలేదు. అరచెయ్యంత అతుకుకు ఒక పూట పట్టింది.

తర్వాత అరగదీయడం, పలుచగా పుట్టీ, ఎమరీ కాగితం. పైన నల్లరంగు మంచులా చల్లి, చెక్కదిమ్మెకు చుట్టిన కాగితంతో రుద్దుతారు. మిట్టల మీద నలుపు పోతుంది, పల్లాల్లో మిగిలిపోతుంది. కంటికి కనిపించని గుంటను ఆ నలుపు పట్టిస్తుందన్నమాట. పక్కింటాయన మాత్రం కళ్ళు మూసుకుని అరచెయ్యి పెట్టి చూసేవాడు. "కన్ను మోసపోతుంది, చెయ్యి మోసపోదు" అన్నాడు నాతో. రేకు వెనకవైపు తుప్పు పట్టకుండా ప్రైమర్ పూశాడు. తలుపు అడుగున నీళ్ళు జారిపోయే కన్నాలుంటాయి, వాటిని మాత్రం పూడ్చలేదు. పైకి కనిపించవు కదా అని అవి మూస్తే, లోపల నీరు నిలిచి నాలుగేళ్ళలో తలుపు తినేస్తుందట.

ఇందులో ప్రమాదం కూడా ఉంది. గొళ్ళెం సరిగ్గా పట్టకపోతే నడిరోడ్డు మీద తలుపు తెరుచుకుని సామాను వెనక వచ్చేవాడి మీద పడుతుంది. కొత్త బళ్ళతో ఇంకో చిక్కు. అమెరికాలో 2018 మే నుంచి తయారయ్యే చిన్న బళ్ళన్నిటికీ వెనక ఏముందో చూపించే కెమెరా ఉండి తీరాలి. చాలా పికప్‌లలో ఆ కెమెరా తలుపు పిడి దగ్గరే అమరి ఉంటుంది. పిడితో పాటు కెమెరాను కూడా క్షవరం చేస్తే, బండి వెనక ఆడుకునే పసిపిల్ల డ్రైవరుకు కనిపించదు. మన దేశంలో ముచ్చటపడేవారికి ఇంకో మాట. 1988 నాటి మోటారు వాహనాల చట్టంలో 52వ సెక్షన్ ఉంది. తయారీదారు ఇచ్చిన రూపురేఖలను ఇష్టం వచ్చినట్టు మార్చడానికి అది ఒప్పుకోదు. బండి మీద చెయ్యి వేసేముందు రవాణా ఆఫీసులో అడగడం మంచిది.

ముదురు నీలం రంగు పడ్డాక ఆ తలుపు నిలవ నీళ్ళ చెరువులా ఉంది. ఆ శనివారం పెద్దావిడ ఎడం చంకలో బంతిమొక్క కుండీ పెట్టుకుని వచ్చింది. కుడిచెయ్యి అంచు మీదుగా లోపలికి పోనిచ్చింది. తలుపు మెత్తగా వాలింది. బయటివాళ్ళ కంటికి పోయిన పిడి ఆవిడ చేతికి మాత్రం దొరికింది. "మీ నాన్న ఉంటే, ఇంత పని ఎందుకురా అని తిట్టేవాడు" అంది కొడుకుతో. తిట్టేటప్పుడు ఎవరూ అంత సంతోషంగా ఉండరు.

మనమూ ఇళ్ళు బాగుచేయిస్తూ ఉంటాం. వీధి అరుగు తీసేస్తాం, మెట్ల పక్క పట్టుకునే కమ్మీ తీసేస్తాం, దొడ్లో రాతి తొట్టి తీసేస్తాం. ఇల్లు నున్నగానే అవుతుంది. తీసేముందు ఆ అరుగు మీద కూర్చునేదెవరో, ఆ కమ్మీ పట్టుకుని దిగేదెవరో ఒక్కసారి కనుక్కుని, వాళ్ళ చెయ్యి ఎక్కడికి అందుతుందో సుద్దముక్కతో గీత గీసుకుంటే సరి. ఆ తర్వాత ఎంత క్షవరం చేసినా ఇల్లు ఇల్లుగానే ఉంటుంది.