పాత పెట్టె నుండి కొత్త పెట్టెకు

పిల్లలూ! ఖతర్ రాజధాని దోహాకు పడమటి దిక్కున అల్ షహానియా అనే ఊరున్నది. అది ఒంటెల పందేలకు పేరు పొందినది. అక్కడ పరుగెత్తే ఒంటెలపై మనుషులు కూర్చోరు. చిన్న మరబొమ్మలు ఉంటాయి. ఒకప్పుడు బాలురను ఎక్కించేవారు. వారు కిందపడి గాయపడేవారు. 2005లో ప్రభుత్వం చట్టం చేసి ఆ పద్ధతిని నిషేధించింది. ఇప్పుడు యజమాని కారులో వెంట వెళుతూ, రేడియో తరంగాల ద్వారా మరబొమ్మకు ఆజ్ఞలిస్తాడు.

తీగ లేకుండా సమాచారం పంపే ఇటువంటి సాధనమే మన ఇళ్ళలోని రౌటర్. తపాలా జవాను ఎవరి ఉత్తరం వారికి అందించినట్లు, అది బయటి నుండి వచ్చే ఇంటర్నెట్టును ఏ ఫోనుకు చేరవలసినది ఆ ఫోనుకు చేరుస్తుంది. అందుకై ప్రతి ఫోనుకు ఒక అంకెల చిరునామా ఇస్తుంది. వైఫై పేరు, పాస్‌వర్డు, ఇంటర్నెట్ సంస్థ ఇచ్చిన ఖాతా వివరాలు దాని జ్ఞాపకంలో ఉంటాయి. వీటినే సెట్టింగులు అంటారు.

నిజామాబాదు, జగిత్యాల ప్రాంతాల నుండి ఎందరో ఖతర్‌కు పనికి వెళ్ళారు. ఒక గదిలో ఆరుగురు ఉన్నారనుకుందాం. వారి రౌటర్ పాతబడింది. కొత్తది తెచ్చారు. ఇల్లు అలకగానే పండుగ కాదు కదా! కొత్త పెట్టెకు పాత సంగతులేవీ తెలియవు. అక్కడ రాత్రి 8 గంటలైతే మన దేశంలో 10.30 అవుతుంది. పని ఆలస్యమైతే ఇంటి దగ్గర పిల్లలు నాన్నతో మాట్లాడకుండానే నిద్రపోతారు. మరి ఏం చేయాలి?

పాత రౌటర్ పనిచేస్తుండగానే దాని సెట్టింగుల పుటను కంప్యూటరులో తెరవాలి. ఆ పుట చిరునామా సాధారణంగా పెట్టె అడుగున అంటించిన చీటీపై ఉంటుంది. అందులో 'బ్యాకప్' నొక్కితే సెట్టింగులన్నీ ఒక ఫైలుగా భద్రమవుతాయి. కొత్త రౌటర్‌లో 'రీస్టోర్' నొక్కి ఆ ఫైలు ఇవ్వాలి. రెండూ ఒకే సంస్థవి, ఒకే రకానివి అయితేనే ఈ పద్ధతి సాధారణంగా పనిచేస్తుంది. ఒక సంస్థ ఫైలును మరొక సంస్థ రౌటర్ చదవలేదు.

రకాలు వేరైతే కాగితమే గతి. పాత సెట్టింగులను చూసి వ్రాసుకొని, కొత్తదానిలో ఒక్కొక్కటిగా నింపాలి. వైఫై పేరును, పాస్‌వర్డును అక్షరం తప్పకుండా పాతవే ఉంచాలి. ఆంగ్లంలో పెద్ద అక్షరానికి బదులు చిన్న అక్షరం వ్రాసినా కుదరదు. అవి సరిపోతే ఆరుగురి ఫోనులూ సాధారణంగా తమంతట తామే కలుస్తాయి.

రెండు జాగ్రత్తలు మరువరాదు. బ్యాకప్ ఫైలులో పాస్‌వర్డులు ఉంటాయి. దానిని ఇతరులకు పంపరాదు. పాత రౌటర్‌ను ఎవరికైనా ఇచ్చే ముందు, దాని 'రీసెట్' మీటను కొన్ని క్షణాలు నొక్కి పట్టి సెట్టింగులను చెరిపివేయాలి.

పెట్టె చెడిపోయిన తరువాత ఫైలు తీయడం కష్టం. కనుక అది బాగున్న రోజే ఫైలు తీసి దాచుకోవాలి. ఆ రాత్రి నాన్న గొంతు వేళకు వినబడుతుంది.

ప్రశ్నలు
1. రౌటర్‌ను తపాలా జవానుతో ఎందుకు పోల్చారు?
2. బ్యాకప్ ఫైలు ఎప్పుడు పనికిరాదు? అప్పుడు ఏం చేయాలి?